టీపాయి ఎందుకు పగిలింది?

మీ ఇంట్లో టీపాయి ఉందా? కుర్చీల నడుమ వేసుకునే పొట్టి బల్ల. చుట్టాలు వచ్చినప్పుడు టీ గ్లాసులూ, మిగతా వేళల్లో దినపత్రికా దాని మీద పెట్టుకుంటాం. టీ పెట్టుకునే బల్ల కాబట్టి టీపాయి అయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ పేరుకూ టీకీ మొదట సంబంధమే లేదు. హిందీలో 'తీన్' అంటే మూడు. పారశీక భాషలో 'పాయ్' అంటే కాలు. మూడు కాళ్ల పీట 'తిపాయి' అయింది. ఇంగ్లీషువాళ్ల నోట పడి 'టీపాయి'గా మారి, మళ్లీ మన ఇళ్లకే వచ్చింది. ఇప్పుడు దానికి నాలుగు కాళ్లున్నా పేరు మాత్రం ఎవరూ మార్చలేదు!

మా ఇంట్లో ఉన్నదీ నాలుగు కాళ్లదే. మా నాన్నగారు 1962లో వనపర్తిలో ఒక వడ్రంగి చేత టేకుతో చేయించుకున్నారు. పై పలక పొడవు 1 మీటరు, వెడల్పు 60 సెంటీమీటర్లు. కాళ్లు కొంచెం బయటికి వాలి, కిందికి పోనుపోను సన్నబడతాయి. ఎక్కడా లతలు, పువ్వులు చెక్కలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చాలా దేశాల్లో ఇలాంటి తేలికైన, ఆడంబరం లేని సామాను మీద మోజు పెరిగింది. ఆ రోజుల నాటి సినిమాల్లో హాలు దృశ్యాలను గమనిస్తే ఇటువంటి బల్లలు మీకూ కనిపిస్తాయి. మా నాన్నగారూ ఉపాధ్యాయులే. పిల్లల పరీక్ష పేపర్లు ఆ బల్ల మీదే దిద్దేవారు.

47 ఏళ్ల ఎండలూ వానలూ ఆ బల్లను ఏమీ చేయలేకపోయాయి. పగలగొట్టింది నేను. అవును, తరగతిలో సైన్సు పాఠాలు చెప్పే నేనే! అదెలా జరిగిందో చెబుతాను. చదివాక ఆ తప్పు మీరు చేయరు.

మే నెలలో ఒక చప్పుడు

2009 వానాకాలంలో పలక మీద జానెడు పొడవున ఒక సన్నని పగులు కనిపించింది. ఇలాగే వదిలేస్తే పెరుగుతుందని భయపడ్డాను. బజారు నుంచి గట్టి జిగురు తెచ్చి పగులులో నింపాను. అది చాలదని పలక అడుగున, వెడల్పు పొడవునా రెండు ఇనుప పట్టీలు వేసి, ఒక్కొక్కదానికి ఆరు మరమేకులు బిగించాను. ఇక వందేళ్లయినా కదలదని మా అమ్మతో గొప్పగా చెప్పాను.

మరుసటి ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం ఇంట్లో 'ఫట్' మని చప్పుడైంది. వెళ్లి చూస్తే పలక ఈ చివర నుంచి ఆ చివరికి చీలిపోయి ఉంది. బల్ల మీద ఎవరూ ఏ బరువూ పెట్టలేదు. జిగురు పెట్టినచోట చీలలేదు, దాని పక్కన చీలింది. మా అమ్మ ఏమీ అనలేదు. బల్లకు పాత దుప్పటి చుట్టించి అటక మీద పెట్టించింది. ఆమె ఏదైనా అని ఉంటేనే నాకు బాగుండేది.

బరువు పెట్టని బల్లను చీల్చిన బలం ఎక్కడిది? దీనికి జవాబు చెక్క నిర్మాణంలో ఉంది.

చెక్కలో ఏముంది?

ఒక గుప్పెడు వరిగడ్డి పరకలను పక్కపక్కన పేర్చి కట్ట కట్టినట్టు ఊహించుకోండి. చెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది. చెట్టు కాండం పొడవునా సన్నని గొట్టాల వంటి కణాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఈ కణాల గోడల్లో సెల్యులోజ్ అణువుల గొలుసులు పోగులు పోగులుగా ఉంటాయి. ఆ పోగులు కూడా చాలావరకు కణం పొడవునే సాగుతాయి.

పచ్చి చెక్కలో నీరు రెండు చోట్ల ఉంటుంది. గొట్టం లోపలి ఖాళీలో కొంత, గొట్టం గోడలో కొంత. చెక్క ఆరేటప్పుడు ముందుగా ఖాళీలోని నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుందే తప్ప చెక్క కొలత మారదు. ఎండు చెక్క బరువులో సుమారు 30 శాతం నీరు మిగిలేసరికి ఖాళీలన్నీ ఆరిపోతాయి. ఆ తర్వాత పోయేది గోడల్లోని నీరు. అది పోతూ ఉంటే సెల్యులోజ్ పోగులు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. చెక్క ముడుచుకుంటుంది.

గాలిలో తేమ పెరిగితే ఇదే పని వెనక్కి జరుగుతుంది. సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులను ఆకర్షిస్తాయి. ఆ అణువులు పోగుల మధ్య చేరి వాటిని ఎడంగా నెడతాయి. చెక్క ఉబ్బుతుంది. గడ్డికట్టలో పరకల మధ్య తడిగుడ్డ ముక్కలు దూర్చారనుకోండి. కట్ట లావవుతుంది, కానీ పొడవు పెరగదు. చెక్క కూడా అంతే. వెడల్పులో ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు.

వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి, వేసవిలో వదులుగా మూసుకోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. చెట్టును కొట్టి ఎన్నో ఏళ్లయ్యాక కూడా చెక్క బతికే ఉంటుందా? ఉండదు. చెట్టు నిలబడి ఉన్నప్పుడే దాని నడిమి భాగమైన చేవలో బతికున్న కణాలు ఉండవు. తేమను తీసుకోవడం, వదలడం ప్రాణంతో జరిగే పని కాదు. అది భౌతిక, రసాయన ధర్మం. అందుకే వందేళ్ల బల్ల కూడా ప్రతి వానాకాలంలో ఉబ్బుతుంది, ప్రతి వేసవిలో ముడుచుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం

టేకు చాలా నెమ్మదైన చెక్క. ఇతర చెక్కలతో పోలిస్తే తక్కువ కదులుతుంది. దానిలోని నూనె పదార్థాలు, టెక్టోక్వినోన్ అనే రసాయనం చెదలను దగ్గరికి రానివ్వవు. అలాంటి టేకు కూడా పచ్చిదశ నుంచి పూర్తిగా ఎండేలోపు వార్షిక వలయాల వెంబడి సుమారు 5.8 శాతం ముడుచుకుంటుంది. కాండం నడిమి నుంచి బెరడు వైపు కొలిస్తే సుమారు 2.5 శాతమే. పొడవులోనైతే చెక్కలు సాధారణంగా 0.1 నుంచి 0.2 శాతం మాత్రమే తగ్గుతాయి.

ఈ ముడత అంతా తేమ 30 శాతం నుంచి సున్నాకు దిగేటప్పుడు జరుగుతుంది. కాబట్టి తేమలో ఒక్కో శాతం తేడాకు వలయాల వెంబడి ముడత 5.8 ÷ 30, అంటే సుమారు 0.19 శాతం. వానాకాలానికీ వేసవికీ చెక్కలోని తేమలో 6 శాతం తేడా వచ్చిందనుకుందాం. 0.19 × 6 = 1.14 శాతం. మా పలక వెడల్పు 60 సెంటీమీటర్లు. అందులో 1.14 శాతం అంటే దాదాపు 7 మిల్లీమీటర్లు!

ఇప్పుడు నేను వేసిన ఇనుప పట్టీ సంగతి చూడండి. ఇనుముకు తేమతో పనిలేదు. వేడికి మాత్రం వ్యాకోచిస్తుంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 60 సెంటీమీటర్ల ఇనుప పట్టీ సుమారు 0.14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే మే నెలలో పలక 7 మిల్లీమీటర్లు ముడుచుకోవాలని చూస్తుంటే, దానికి బిగించిన పట్టీ ఏమాత్రం తగ్గకపోగా రవ్వంత పెరిగింది. పైగా నేను పట్టీలు బిగించింది వానాకాలంలో, పలక బాగా ఉబ్బి ఉన్నప్పుడు. ముడుచుకోవడానికి దారి లేక పలక లోలోపలే లాగబడింది. చెక్కను పొడవునా లాగితే తెంచడం ఎంతో కష్టం. అడ్డంగా లాగితే సులువుగా విడిపోతుంది. కట్టెలు చీల్చేటప్పుడు గొడ్డలిని పోగుల వెంబడి ఎందుకు వేస్తారో మీకు తెలుసు కదా! పగిలినచోట జిగురు గట్టిగా ఉంది. అందుకని దాని పక్కన ఉన్న బలహీనమైన చోట పలక చీలింది.

సంతలో బండి చక్రం

ఈ సంగతి పుస్తకాల్లో రాకముందే మన రైతులకు తెలుసు. మా పెబ్బేరులో శనివారం సంత జరుగుతుంది. పశువుల సంతగా దానికి పేరు. ఇప్పుడు పశువులు లారీల్లో, ఆటోల్లో వస్తున్నాయి గానీ ఒకప్పుడు ఎడ్లబండ్లే ఎక్కువ. కొయ్య చక్రం చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. కమ్మరి ఆ పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉన్నప్పుడు చక్రానికి తొడుగుతాడు. వెంటనే నీళ్లు పోస్తాడు. పట్టా సంకోచించి చక్రాన్ని బిగపడుతుంది. ఇది ఇనుము ధర్మం.

వేసవి వచ్చేసరికి కొయ్య ముడుచుకుంటుంది. పట్టా వదులవుతుంది, చక్రపు ఆకులు గలగలమంటాయి. అప్పుడు రైతు చక్రాలను విప్పి రాత్రంతా కుంటలో నానబెట్టేవాడు. తెల్లవారేసరికి కొయ్య ఉబ్బి చక్రం మళ్లీ బిగుసుకునేది. ఇది కొయ్య ధర్మం. ఒకే చక్రంలో రెండు వేర్వేరు పదార్థాల స్వభావాన్ని ఎంత చక్కగా వాడుకున్నారో చూడండి. చిన్నప్పుడు ఆ చక్రాలను ఎన్నోసార్లు చూశాను. టీపాయికి పట్టీలు వేసేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు!

గోల్కొండ పేరు పెట్టుకున్న భవనం

చెక్క కదులుతుందనే సంగతిని మరువకుండా జీవితమంతా బల్లలు, కుర్చీలు చేసిన ఒక డిజైనర్ ఉన్నారు. ఆయన పేరు జార్జ్ నకషిమా. ఆయన కథలో మన గోల్కొండ కూడా వస్తుంది.

నకషిమా 1905లో అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు జపాన్ నుంచి వలస వెళ్లినవారు. విశ్వవిద్యాలయంలో మొదట అటవీశాస్త్రం చదివి, తర్వాత భవన నిర్మాణ కళకు మారారు. టోక్యోలో ఆంటోనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి దగ్గర పనిచేశారు. అప్పుడు ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరిలో, అరవింద ఆశ్రమానికి ఒక వసతిగృహం కట్టే పని రేమండ్‌కు వచ్చింది. ఆ పని దగ్గరుండి చూడటానికి 1937లో నకషిమాను పంపారు. ఆ భవనానికి హైదరాబాదు సంస్థానం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ దానిని ఇప్పించారు. అందుకే గోల్కొండ వజ్రాల గనులను తలచుకుంటూ ఆ భవనానికి 'గోల్కొండ్' అని పేరు పెట్టారు. మన వనపర్తి, పెబ్బేరు ప్రాంతం కూడా అప్పట్లో హైదరాబాదు రాజ్యంలోనిదే.

గోల్కొండ్ కాంక్రీటు భవనం. కానీ గదుల తలుపులు టేకు బద్దలతో చేసిన జారుడు తలుపులు. బద్దల మధ్య సందుల్లోంచి గాలి వస్తుంది, లోపలివారు బయటికి కనిపించరు. గదుల్లోకి కావలసిన సామాను నకషిమా టేకుతో రూపొందించారు. ఎలక్ట్రిక్ ఫ్యాను అవసరం లేకుండా గదిని చల్లగా ఉంచడమెలా అన్నదే ఆ భవనంలోని ముఖ్యమైన ఆలోచన.

1939లో ఆయన పుదుచ్చేరి వదిలి, తర్వాత అమెరికా చేరుకున్నారు. అప్పుడు ప్రపంచయుద్ధం నడుస్తోంది. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. దాంతో 1942లో అమెరికా ప్రభుత్వం తన దేశంలోనే ఉన్న జపాన్ సంతతి వారిని దాదాపు 1,20,000 మందిని ఇళ్ల నుంచి తరలించి శిబిరాల్లో బంధించింది. వారిలో చాలామంది అమెరికాలో పుట్టి పెరిగిన పౌరులే. ఏ తప్పూ చేయని నకషిమా, ఆయన భార్య, నెలల పాప కూడా ఇడాహో ఎడారిలోని మినిడోకా శిబిరానికి వెళ్లాల్సి వచ్చింది. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ అన్యాయానికి క్షమాపణ చెప్పింది.

ఆ శిబిరంలో గెంటారో హికోగావా అనే వడ్రంగి ఆయనకు కలిశారు. జపాన్ పద్ధతిలో ఆరితేరిన పనివాడు. పెద్ద చదువులు చదివిన నకషిమా ఆయన దగ్గర శిష్యుడిగా చేరి ఉలి పట్టడం, కొయ్యను కొయ్యతోనే అతకడం నేర్చుకున్నారు. వారికి దొరికినవి పారేసిన చెక్కముక్కలే. 1943లో రేమండ్ పూచీ మీద విడుదలై, పెన్సిల్వేనియాలోని న్యూహోప్ అనే ఊళ్లో సొంత పనిశాల పెట్టుకున్నారు. 1964లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి అక్కడ కూడా ఫర్నిచర్ రూపొందించారు. 1990లో కన్నుమూశారు. తర్వాత ఆ పనిశాలను కుమార్తె మీరా నడిపించారు.

పగులును దాచని బల్ల

నకషిమా చేసిన పొట్టి బల్లలను, అంటే మన భాషలో టీపాయిలను, చూడగానే గుర్తుపట్టవచ్చు. చెట్టు దుంగను నిలువుగా కోసి తీసిన వెడల్పైన పలక ఉంటుంది. అంచు చెట్టు ఎలా పెరిగితే అలాగే వంకరగా ఉంటుంది. పలకను కోసిన వెంటనే వాడరు. ఏళ్ల తరబడి గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాతే వాడతారు. చెక్కలోని తేమ నెమ్మదిగా పోవాలి. తొందరపడితే పైభాగం ముందు ఎండి, లోపల పచ్చిగా ఉండి, పగుళ్లు పడతాయి.

అయినా కొన్ని పలకల్లో పగుళ్లు ఉండనే ఉంటాయి. ఇతరులు పారేసే అలాంటి పలకలను నకషిమా ఏరుకునేవారు. పగులుకు అడ్డంగా, డమరుకం ఆకారంలో కోసిన గట్టి చెక్క బిళ్లను పొదిగేవారు. రెండు చివరలు వెడల్పు, నడుము సన్నం. పగులు విచ్చుకోవాలని చూస్తే ఆ వెడల్పు చివరలు రెండు వైపులా పట్టుకుంటాయి. బిళ్లలోని పోగులు పగులుకు అడ్డంగా ఉంటాయి. కాబట్టి లాగుడంతా చెక్క బలంగా ఉండే దిశలో, పోగుల వెంబడి పడుతుంది. బిళ్ల చిన్నది. పలకను ఆ మూల నుంచి ఈ మూలకు కట్టిపడేయదు. పగులు దగ్గర మాత్రమే పట్టుకుంటుంది. మిగతా పలక తన ఇష్టం వచ్చినట్టు ఉబ్బవచ్చు, ముడుచుకోవచ్చు.

నా ఇనుప పట్టీకీ, ఈ డమరుకపు బిళ్లకూ తేడా తెలిసిందా? ఒకటి పలక మొత్తాన్నీ బంధించింది. రెండోది అవసరమైన చోటనే ఆపింది.

మా బల్ల బాగుపడింది

2022లో ఇల్లు సున్నం వేయించేటప్పుడు అటక దించాం. ఆ పగిలిన చెక్క పొయ్యిలోకి పనికొస్తుందని ఎవరో అన్నారు. మా అమ్మ మొహం చూసి, బల్లను ఒక పెద్ద వడ్రంగి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని తిరగేసి పట్టీలు చూసి నవ్వాడు.

"ఎవరు బిగించిండ్రు సారూ ఇవి?"

"నేనే పెద్దయ్యా."

"కట్టె వానకు ఉబ్బుతది, ఎండకు ఇగురుతది. మీరు దాని కాళ్లు చేతులు కట్టేసిండ్రు. అది ఏం జేస్తది మరి?"

నేను పైన రెండు పేజీల్లో చెప్పింది ఆయన మూడు మాటల్లో చెప్పాడు!

మరమ్మతు నాలుగు రోజులు పట్టింది. మొదట పట్టీలు తీసేశాం. 1962 నాటి అతుకులు సరేసుతో పెట్టినవి. సరేసును పశువుల చర్మాలు, ఎముకలు ఉడికించి తీస్తారు. అది ఒక ప్రోటీను. వేడి నీళ్ల గుడ్డ కప్పితే మెత్తబడి అతుకు విడిపోయింది, చెక్క చెడలేదు. నేను నింపిన జిగురు మాత్రం వేడికీ లొంగలేదు, నీళ్లకూ లొంగలేదు. ఉలితో గీకాల్సి వచ్చింది, దానితోపాటు కొంత మంచి చెక్కా పోయింది. ఏదైనా పాత వస్తువును బాగుచేసేటప్పుడు, రేపు మరొకరు విప్పడానికి వీలుగా చేయాలని నాకు అప్పుడు బోధపడింది.

పాత పాలిషు లక్క పాలిషు. లక్క పురుగుల నుంచి వచ్చే పదార్థాన్ని స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. అందుకని గుడ్డతోనే శుభ్రం చేయగలిగాం. చీలిన ముక్కలను సరేసుతోనే కలిపాం. పాత పగులును పూడ్చకుండా, నకషిమా బల్లల ఫొటోలు చూపించి, రెండు డమరుకపు బిళ్లలు పెట్టించాను. బిళ్లలకు ఒక పాత కిటికీ టేకు సరిపోయింది. చివరగా పలకను కింది చట్రానికి బిగించేటప్పుడు నడుమ మాత్రం మేకులకు గుండ్రటి రంధ్రాలు పెట్టి, అంచుల దగ్గర పొడుగాటి రంధ్రాలు పెట్టాడు. పలక కదిలితే మేకు ఆ రంధ్రంలో అటూ ఇటూ జరుగుతుంది.

పలక అంచు ఎక్కడుందో చట్రం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. ఆగస్టుకూ మే నెలకూ తేడా మొత్తం మీద 4 మిల్లీమీటర్లు వచ్చింది. మన లెక్క 7 అన్నది కదా! లక్క పాలిషు తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుంది. పైగా పలకలో కొంత భాగం తక్కువ ముడుచుకునే దిశలో కోసినది. లెక్కకూ కొలతకూ తేడా వస్తే విసుక్కోకండి. కారణం వెతకండి. సైన్సు అక్కడే మొదలవుతుంది.

మీరు చేసి చూడండి

పండ్ల పెట్టె నుంచి ఒక పలుచని పలక తీసుకోండి. ప్లైవుడ్ వద్దు. అందులోంచి 10 సెంటీమీటర్ల పొడవున్న రెండు బద్దలు కోయించండి. ఒకదానిలో పోగులు బద్ద పొడవునా ఉండాలి. రెండోదానిలో అడ్డంగా ఉండాలి. రెండింటినీ రెండు రోజులు ఎండలో ఉంచి, పొడవు కొలిచి, తూచి రాసుకోండి. తర్వాత 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ కొలవండి, తూచండి. బరువులోని తేడాను ఎండిన బరువుతో భాగించి 100తో గుణిస్తే పీల్చుకున్న తేమ శాతం వస్తుంది. ఏ బద్ద పెరిగింది? ఎంత పెరిగింది?

ఇప్పుడు రెండు ప్రశ్నలు. మీ ఇంటి పాత తలుపులో నడిమి పలకను చట్రానికి మేకులతో కొట్టారా, లేక గాడిలో ఊరికే కూర్చోబెట్టారా? ఎందుకు? ప్లైవుడ్‌లో పలుచని పొరలను ఒకదాని పోగులకు ఇంకొకదాని పోగులు అడ్డంగా ఉండేలా అతికిస్తారు. అది వానాకాలంలో మామూలు పలక లాగా ఎందుకు ఉబ్బదు?

జవాబులు నోటుబుక్కులో రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. నేను ఈ పాఠాన్ని మా నాన్నగారి టీపాయి మీదే రాశాను. పక్కన మా అమ్మ పెట్టిన టీ గ్లాసు ఉంది.